జీతం కంటే ముందు వార్డు గురించి అడగాలి

నర్సింగ్ చదువు పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కునేవారికి సలహాలకు కొదవ ఉండదు. ఏ విభాగానికి గిరాకీ ఉంది, ఏ పైచదువు చదివితే జీతం పెరుగుతుంది అని కొందరు చెబుతారు. ఇది సేవావృత్తి, ఓర్పు అలవరచుకోవాలి అని ఇంకొందరు బోధిస్తారు. మొదటి సలహా కొంతవరకు పనికొస్తుంది. రెండోదాన్ని మాత్రం యాజమాన్యం చేయాల్సిన పనిని నర్సు నెత్తిన రుద్దడానికే ఎక్కువగా వాడుతుంటారు. మూడేళ్ల తర్వాత ఒక నర్సు ఈ వృత్తిలో నిలదొక్కుకుని ఉంటారా, విసిగి వదిలేస్తారా అన్నది చాలావరకు తేల్చేది వారు రోజూ అడుగుపెట్టే వార్డే. ఒక్కొక్కరి చేతికింద ఎందరు రోగులు, కొత్తవారికి పక్కనుండి నేర్పేదెవరు, అర్ధరాత్రి అనుమానం వస్తే అడగడానికి మనిషి ఉన్నారా అన్నవి ముందు చూడాలి. ఆసుపత్రి పేరు, హోదా, జీతం ఆ తర్వాతి లెక్క.

దీనికి ఆధారాలు గట్టివే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా ఐకెన్ బృందం ఆ రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల వివరాలను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించింది. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ, శస్త్రచికిత్స కోసం చేరిన రోగి 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం, నర్సు బర్నౌట్‌కు (పనిభారంతో పూర్తిగా అలసి డీలాపడిపోవడానికి) లోనయ్యే అవకాశం 23 శాతం పెరుగుతున్నాయని అందులో తేలింది. 2014లో తొమ్మిది ఐరోపా దేశాల ఆసుపత్రులపై వచ్చిన అధ్యయనంలోనూ మరణాల విషయంలో దాదాపు అదే 7 శాతం కనిపించింది. ఇవి సంబంధాన్ని చూపుతాయే తప్ప కారణాన్ని రుజువు చేయవని వాదించవచ్చు. ఆ వాదనకు జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో పగలు సగటున నలుగురు రోగులకు, రాత్రి ఏడుగురికి ఒక నర్సు ఉండాలన్న నిబంధన తెచ్చింది. నిబంధన అమలైన చోట్ల మరణాలు, తిరిగి ఆసుపత్రిలో చేరాల్సి రావడం వంటి విషయాల్లో పరిస్థితి మిగతా చోట్ల కంటే మెరుగుపడిందని, అదనపు నర్సుల మీద పెట్టిన ఖర్చుకు రెట్టింపు కంటే ఎక్కువే ఆదా అయిందని 2021లో వెలువడిన విశ్లేషణ చూపింది. నర్సులను పెంచితే గిట్టదనే యాజమాన్యాలు ఈ ముక్క ఎందుకో ప్రస్తావించవు.

కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లినవారు అడిగించుకోవడంతో సరిపెట్టకుండా తామూ అడగాలి. అయితే "మీ దగ్గర నర్సుకు ఎందరు రోగులు?" అన్న ప్రశ్నకు వచ్చేది సాధారణంగా కాగితం మీది సంఖ్య. సగటు తీసేటప్పుడు ఇన్‌ఛార్జిని, దీర్ఘ సెలవులో ఉన్నవారిని, ఒక్కోసారి విద్యార్థులను కూడా కలిపేస్తారు. ప్రశ్నను ఇంకాస్త బిగించాలి. గత వారం రాత్రి డ్యూటీల్లో ఒక్కో నర్సు నిజంగా ఎందరిని చూశారు? ఎవరైనా ఉన్నట్టుండి సెలవు పెడితే వారి రోగులు ఎవరి వాటాకు వెళతారు? ఇన్‌ఛార్జి నర్సుకు విడిగా రోగులను కేటాయిస్తారా? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా సంగతులు బయటపెడుతుంది. ఇన్‌ఛార్జికి కూడా నిండా రోగులుంటే, ఒక మంచం దగ్గర పరిస్థితి విషమించినప్పుడు పరుగెత్తుకొచ్చేందుకు ఖాళీగా ఉన్న మనిషే ఉండరు.

రోస్టరు, అంటే ఎవరికి ఏ డ్యూటీయో రాసిన పట్టిక, చూడగలిగితే ఇంకా మంచిది. అందులో ఒకటి నుంచి అయిదేళ్ల అనుభవం ఉన్నవారు ఎందరో లెక్కపెట్టాలి. పాతికేళ్ల సీనియర్లు నలుగురు, నిన్నమొన్న చేరినవారు పదిమంది, మధ్యలో ఎవరూ లేరంటే ఆ వార్డులో మనుషులు నిలవడం లేదని అర్థం. ఏ ప్రచార పత్రమూ ఈ విషయం చెప్పదు.

వార్డులో కొన్ని గంటలు గడపడానికి అనుమతి అడగడం కూడా మంచి పద్ధతే. షిఫ్టు మారే వేళ వెళ్లి, హ్యాండోవర్ (రోగుల బాధ్యత అప్పగింత) ఎక్కడ జరుగుతోందో చూడాలి. మంచం దగ్గర ఇచ్చేచోట వెళ్లే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ కలిసి ఐవీ (సెలైన్ సూది) గుచ్చిన చోట వాపు ఉందేమో చూస్తారు, మందు ఎక్కించే పంపు మీది వేగాన్ని డాక్టర్ ఆర్డరుతో సరిపోల్చుకుంటారు, మూత్రం సంచి వంక చూస్తారు, రోగి చేతిపట్టీ మీది పేరు చదువుతారు. అంతా కలిపి ఒక్కో రోగికి రెండు మూడు నిమిషాలు. బల్ల చుట్టూ చేరి "ఏడో బెడ్డు స్టేబుల్, ఎనిమిది కూడా స్టేబుల్" అంటూ సాగిపోయేచోట, పంపు మీద తప్పుగా పెట్టిన వేగం తర్వాతి షిఫ్టువారి మెడకు చుట్టుకుంటుంది. అదే సమయంలో, అందరికంటే చిన్న నర్సు ఏదైనా ప్రశ్న అడిగినప్పుడు సీనియర్ల ముఖాలు ఎలా ఉన్నాయో కూడా గమనించాలి.

సీనియర్లు జూనియర్లను కాల్చుకుతింటారన్న ఫిర్యాదు ఈ వృత్తిలో దేశాల తేడా లేకుండా వినిపిస్తుంది. వ్యక్తుల దురుసుతనం కొంత కారణం కావచ్చు. కానీ మనుషులు చాలని వార్డులో కొత్త నర్సు సీనియర్‌కు సాయంగా కాక మరో బరువుగా కనిపిస్తారు, చిరాకు అక్కడ పుడుతుంది. కారణం ఏదైనా అవమానాలను భరించాల్సిన అవసరం లేదు. ఎప్పుడు, ఎవరి ఎదుట, ఏ మాట అన్నారో అదే రోజు రాసిపెట్టుకుంటే ఫిర్యాదుకు బలం ఉంటుంది. "నన్ను ఎప్పుడూ చిన్నచూపు చూస్తారు" అన్న వాక్యాన్ని విచారణలో ఎవరూ పట్టించుకోరు.

మొదటి సంవత్సరం

తరగతిలో నేర్పిన ఆదర్శాలకు, వార్డులో కనిపించే వాస్తవానికి మధ్య కొత్త నర్సు పడే నలుగుబాటును అమెరికా పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లోనే రియాలిటీ షాక్ అని వర్ణించారు. మొదట అంతా కొత్త మురిపెం, తర్వాత గట్టి దెబ్బ, ఆపై కోలుకోవడం, చివరికి ఒక సర్దుబాటు. చాలా రాజీనామాలు రెండో దశలోనే పుడతాయి. ఆ దశలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ బాధ కొత్తదనం వల్లా, వార్డు వల్లా? తమకంటే ఏడాది ముందు చేరినవారితో మాట్లాడితే జవాబు దొరుకుతుంది. మొదట్లో తామూ ఏడ్చామని, తర్వాత కుదురుకున్నామని వారు చెబితే కొన్ని నెలలు ఆగి చూడటం తెలివైన పని. అసలు ఏడాది ముందు చేరినవారే మిగల్లేదంటే, అదే జవాబు.

నర్సుల నైపుణ్యం ఎలా పెరుగుతుందో వివరిస్తూ అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో ప్రతిపాదించిన అయిదు మెట్లు కూడా ఇక్కడ గుర్తుంచుకోదగ్గవి. కొత్తవారి నుంచి నిపుణుల దాకా సాగే ఆ మెట్లలో, మూడోదైన సమర్థత దశకు రావడానికి ఒకే రకమైన రోగుల మధ్య దాదాపు రెండు మూడేళ్లు పడుతుందని ఆమె అంచనా. దీని నుంచి రెండు ఆచరణాత్మక సంగతులు వస్తాయి. తొలి ఏడాదిలో కొత్త నర్సును మనుషులు తక్కువైన వార్డుకల్లా పంపుతూ ఉంటే, వారు ఏ మెట్టు మీదా కుదురుకోలేరు. శిక్షణ ఎన్ని వారాలు, ఆ కాలంలో ఒకే సీనియర్ చేతికింద ఉంచుతారా, ఎన్ని నెలల వరకు ఇతర వార్డులకు పంపరు అన్నవి నియామక పత్రంలో రాయించుకోవాల్సిన విషయాలు. ఇక పదిహేనేళ్ల ఐసీయూ అనుభవం ఉన్నవారైనా ప్రసూతి వార్డుకు మారితే మళ్లీ కింది మెట్టు నుంచే ఎక్కాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, పెద్ద అనుభవం ఉందన్న కారణంతో శిక్షణ ఎగ్గొట్టే యాజమాన్యంతోనే ప్రమాదం.

ఫోన్‌లో చెప్పే తీరు

మొదటి ఏడాదిలో నేర్చుకోవాల్సిన నైపుణ్యాల్లో చేతిపనికి ఇచ్చే ప్రాధాన్యం మాటకు ఇవ్వరు. ఒక ఉదాహరణ. రాత్రి రెండు దాటింది, డ్యూటీ డాక్టర్‌ను నిద్రలేపాలి. "సర్, ఆరో బెడ్డు పేషంట్‌కు ఏదో తేడాగా ఉంది, బీపీ కాస్త తగ్గింది" అంటే, "చూస్తూ ఉండండి, పొద్దున వస్తాను" అన్న జవాబు రావడానికే అవకాశం ఎక్కువ. అదే విషయాన్ని ఇలా చెప్పవచ్చు: "సర్, సర్జికల్ వార్డు నుంచి మాట్లాడుతున్నాను. ఆరో బెడ్డు పేషంట్ బీపీ 86/50, పల్స్ 118. నిన్న మధ్యాహ్నం పేగు ఆపరేషన్ అయింది, సాయంత్రం వరకు పై బీపీ 120 దగ్గర ఉంది. గత రెండు గంటల్లో యూరిన్ 20 మిల్లీలీటర్లే, పొట్ట గట్టిపడింది. లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని అనుమానంగా ఉంది. మీరు వెంటనే వచ్చి చూడాలి సర్. ఈలోగా ఫ్లూయిడ్స్ పెంచమంటారా? హిమోగ్లోబిన్‌కు పంపమంటారా?"

ఇప్పుడేం జరుగుతోంది, వెనుక ఏం జరిగింది, దీన్ని బట్టి ఏమనుకుంటున్నాం, ఏం కావాలి అన్న ఈ నాలుగు మెట్ల పద్ధతికి ఎస్‌బార్ అని పేరు. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో మొదలైన ఈ అలవాటును అక్కడి వైద్యసేవల సంస్థ కైసర్ పర్మనెంటే ఆసుపత్రులకు తెచ్చింది. చాలామంది మొదటి రెండు మెట్లు బాగానే చెప్పి, అక్కడ ఆగిపోతారు. డాక్టర్‌కు రోగనిర్ధారణ చెప్పడం తమ హద్దు దాటడమని జంకుతారు. అనుమానాన్ని అనుమానంగా చెప్పడం హద్దు దాటడం కాదు. "మీరు వచ్చి చూడాలి" అన్న వాక్యం వినపడకపోతే, ఆ ఫోను ఎందుకు వచ్చిందో నిద్రమత్తులో ఉన్న మనిషికి అందదు.

చెప్పినా రాకపోతే తర్వాత ఎవరికి చెప్పాలో ముందే తెలిసి ఉండాలి. ఇన్‌ఛార్జి, పై డాక్టర్, ఆసుపత్రిలో ఉంటే, విషమించిన రోగి దగ్గరకు పరుగెత్తుకొచ్చే ర్యాపిడ్ రెస్పాన్స్ బృందం. ఆపై చార్టులో రాయాలి: ఎన్ని గంటలకు ఎవరికి చెప్పారు, ఏ అంకెలు చెప్పారు, ఏ ఆర్డర్ ఇచ్చారు, దాన్ని తిరిగి చదివి వినిపించి ఖాయం చేసుకున్నారా. "డాక్టర్‌కు తెలియజేశాం" అన్న రెండు ముక్కలు ఏడాది తర్వాత విచారణలో ఎవరినీ కాపాడవు.

మందుల విషయంలో ఒక అలవాటు మీద మాత్రం పట్టుబట్టాలి. ఇన్సులిన్, హెపారిన్, గాఢ పొటాషియం, ఓపియాయిడ్ నొప్పి మందులు పొరపాటు జరిగితే పెద్ద హాని చేస్తాయి కాబట్టి ఇద్దరు నర్సులు సరిచూడాలంటారు. "ఆరు యూనిట్లు తీశాను, సరిగ్గా ఉంది కదా?" అంటూ సిరంజి చూపితే, రెండో నర్సు తల ఊపడం తప్ప చేసేదేమీ ఉండదు. ఆర్డర్ కాగితం ఇచ్చి, మోతాదు తానుగా లెక్కకట్టమని అడిగి, ఆ తర్వాత సిరంజి చూపితేనే అది రెండో తనిఖీ.

అయినా పొరపాట్లు జరుగుతాయి. అమెరికాలోని టెన్నెస్సీలో 2017లో మత్తు మందుకు బదులు కండరాలను స్తంభింపజేసే మందు ఇవ్వడంతో ఒక రోగి మరణించారు. ఆ నర్సు పొరపాటును దాచలేదు. అయినా 2022లో క్రిమినల్ కోర్టు దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ విధించింది. ఇక పొరపాట్లను ఎవరు బయటపెడతారని నర్సుల సంఘాలు ఆందోళన చెందాయి, అది న్యాయమైన ఆందోళనే. అయినప్పటికీ దాచడం ఇంకా ప్రమాదకరం, రోగికీ నర్సుకూ కూడా. ఇన్సిడెంట్ రిపోర్టులో జరిగింది జరిగినట్టు, గంటలతో సహా రాయాలి. ఊహలు, క్షమాపణలు, ఇతరుల మీద నిందలు అందులో అక్కర్లేదు. కొత్తగా చేరేవారు ఇంటర్వ్యూలో "గతంలో వచ్చిన రిపోర్టు వల్ల వార్డులో ఏదైనా మార్చారా?" అని అడిగితే, అక్కడ పొరపాటును పాఠంగా చూస్తారా, నేరంగా చూస్తారా అన్నది జవాబులోనే తెలిసిపోతుంది.

శరీరం సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు, ఎందుకంటే తెలియనివారు లేరు, పాటించేవారే తక్కువ. షిఫ్టు పన్నెండున్నర గంటలు దాటితే పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లని 2004లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. రోగిని చేతులతో ఎత్తేటప్పుడు బరువు 16 కిలోలు దాటకూడదని అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. బాగా బరువున్న మనిషి ఒక్క కాలే అంత తూగవచ్చు. అంటే లిఫ్టు యంత్రమో, మరో మనిషో లేకుండా రోగిని లేపమనే వార్డు నర్సు నడుమును ఖర్చు చేసి డబ్బు మిగుల్చుకుంటోంది.

మోయలేనంత మంది రోగులను అప్పగించినప్పుడు ఏం చేయాలన్నది అంతకంటే చిక్కు ప్రశ్న. అభ్యంతరం చెప్పే సమయం హ్యాండోవర్ తీసుకోకముందే. బాధ్యత తీసుకున్నాక, మరొకరికి అప్పగించకుండా వెళ్లిపోతే రోగులను వదిలేసినట్టుగా చూసి లైసెన్సు మీద చర్య తీసుకునే వీలు చాలాచోట్ల ఉంది. కాబట్టి ముందుగానే, రాతపూర్వకంగా, అంకెలతో చెప్పాలి: ఇంతమంది రోగులు, వారిలో వెంటిలేటర్ మీద ఇందరు, ఈ పనులు సమయానికి జరగకపోవచ్చు. అమెరికాలోని టెక్సాస్‌లో ఇలా రాసిచ్చిన నర్సుకు చట్టపరమైన రక్షణ కూడా ఉంది. అంత రక్షణ లేనిచోట్ల సైతం, ఆ కాగితం ఉండటం వల్ల తర్వాత బాధ్యత ఒక్కరి మీదే పడదు.

నర్స్ ప్రాక్టిషనర్ దారి

రోగిని పరీక్షించి, జబ్బు నిర్ధారించి, మందులు రాసే నర్సే నర్స్ ప్రాక్టిషనర్. ఈ ఆలోచన 1965లో రూపుదిద్దుకుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ కలిసి తొలి శిక్షణ ప్రారంభించారు. డాక్టర్లు అందుబాటులో లేని ప్రాంతాల పిల్లలకు వైద్యం అందించడం వారి ఉద్దేశం. నేడు కెనడా, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ వంటి దేశాల్లోనూ ఈ హోదా ఉంది, అధికారాలు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల్లో స్వతంత్రంగా పనిచేయవచ్చు, మరికొన్నింట్లో డాక్టర్‌తో ఒప్పందం ఉంటేనే మందులు రాయాలి. చదువుకు డబ్బు కట్టే ముందు, పనిచేయబోయే చోట చట్టం ఏమంటోందో చదవాలి.

వార్డు పని భరించలేక ఈ చదువుకు వెళ్లేవారు ఉన్నారు. ఆ కారణం ఒక్కటే అయితే ముందు వార్డు మార్చి చూడటం చవక. ఎందుకంటే ఇక్కడ పెరిగేది హోదాతో పాటు ఒంటరితనం కూడా. సాయంత్రం చివరి రోగిని పంపి కంప్యూటర్ ముందు కూర్చుంటే, రోజంతా వచ్చిన పరీక్ష ఫలితాలు ఎదురుచూస్తుంటాయి. ఒకరి పొటాషియం 5.9. బీపీ మాత్రవల్ల పెరిగిందా? నమూనా తీసేటప్పుడు రక్తకణాలు చితికి ఎక్కువ చూపిందా? రేపు మళ్లీ పరీక్ష చేస్తే చాలా, ఈ రాత్రే అత్యవసర విభాగానికి పంపాలా? వార్డు నర్సుగా ఇదే అంకె కనిపిస్తే డాక్టర్‌కు చెప్పడంతో తన బాధ్యతలో పెద్ద భాగం తీరేది. ఇప్పుడు నిర్ణయం తనదే, సంతకం తనదే. పదేళ్ల అనుభవం ఉన్న నర్సు కూడా ఈ కుర్చీలో మొదటి ఏడాది మళ్లీ కొత్తవారే. దీన్ని ఒప్పుకోవడం నిపుణులైన నర్సులకే మరీ కష్టం.

చదువు ఎంచుకునేటప్పుడు శాఖ విషయంలో తొందర పనికిరాదు. అమెరికాలో 2008 నాటి ఉమ్మడి ప్రమాణాల ప్రకారం అర్హత ఏ రకం రోగులకు సంబంధించినదో దానికే పరిమితం. కుటుంబ వైద్యం చదివి ఐసీయూలో, పెద్దల వైద్యం చదివి పిల్లల విభాగంలో చేరాలంటే మళ్లీ చదవాలి. రోగులతో నేరుగా గడపాల్సిన శిక్షణ గంటలను అక్కడ 2022 ప్రమాణాలు కనీసం 500 నుంచి 750కి పెంచాయి. ఆ శిక్షణ ఇచ్చే చోటును విద్యాసంస్థే చూపిస్తుందా, విద్యార్థే వెతుక్కోవాలా అన్నది ప్రవేశానికి ముందే అడగాలి. విద్యార్థికే వదిలేసే సంస్థ వసూలు చేస్తున్న ఫీజు దేనికో అర్థం కాదు.

ఉద్యోగ ఒప్పందంలో జీతం అంకె కంటే ఎక్కువసార్లు చదవాల్సినవి కొన్ని ఉన్నాయి. రోజుకు ఎందరు రోగులు, ఆ సంఖ్యకు చేరడానికి మొదట ఎన్ని నెలల వెసులుబాటు, ఫలితాలు చూడటానికీ నోట్స్ రాయడానికీ జీతంతో కూడిన సమయం ఉందా, పేరుకు రాసిన సహకార డాక్టర్ నిజంగా ఫోన్ ఎత్తుతారా. వైద్యంలో పొరపాటు జరిగిందంటూ వేసే కేసులకు ఉండే బీమా కూడా చూడాలి. ఉద్యోగంలో ఉండగా దాఖలైన కేసులకే వర్తించే పాలసీ అయితే, మానేశాక రెండేళ్లకు వచ్చే కేసుకు అది అక్కరకు రాదు. ఆ తర్వాతి కాలానికి టెయిల్ కవరేజీ ఎవరి ఖర్చుతో అన్నది ఒప్పందంలోనే ఉండాలి. రాజీనామా రోజున అడిగితే, కొన్ని నెలల జీతాన్ని మింగేసే బిల్లు చేతికి రావచ్చు.

వార్డు నర్సు అయినా, ప్రాక్టిషనర్ అయినా మానేసేటప్పుడు గడువు పూర్తిచేసి, చేతిలో ఉన్న రోగుల వివరాలు అప్పగించి వెళ్లాలి. కోపంలో సగం షిఫ్టుకు వదిలి వెళ్లడం లైసెన్సుతో ఆడుకోవడమే. అనుభవ ధ్రువపత్రంలో "స్టాఫ్ నర్సుగా పనిచేశారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకూడదు. ఏ వార్డు, ఎన్ని పడకలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, వెంటిలేటర్, డయాలిసిస్ వంటి ఏ పనులు స్వయంగా చేశారు అన్నవి రాయించి, సంతకం, ముద్ర వేయించుకోవాలి. మరో దేశపు నర్సింగ్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేసినప్పుడు ఇవే అడుగుతారు, అప్పటికి సంతకం పెట్టాల్సిన సూపరింటెండెంట్ బదిలీ అయిపోయి ఉండవచ్చు.